యీవూ: ఈకలకు బెల్లం ఇచ్చిన ఊరు. వెళ్లొచ్చినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడ ఫ్యాన్సీ:
అందరికీ నమస్కారం. మాది వన్‌టౌన్‌లో ఫ్యాన్సీ సామాన్ల హోల్‌సేల్ కొట్టు. హెయిర్ క్లిప్పులు, పర్సులు, కీచైన్లు, పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు. పాతికేళ్లుగా నాన్నగారు చూసుకుంటున్నారు, ఇప్పుడు నేనూ కూర్చుంటున్నా. ఏ అట్టపెట్టె మూలం వెతికినా చివరికి తేలేది ఒకటే ఊరు, చైనాలోని యీవూ. నవంబరులో మొదటిసారి వెళ్తున్నా. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ "వంద రూపాయల సరుకు పది రూపాయలకే" బాపతు వీడియోలు. మార్కెట్ కాకుండా ఆ ఊరు ఎలా ఉంటుంది? షాంఘై కాదు, బీజింగ్ కాదు, ఈ మధ్యరకం ఊరికి ప్రపంచం మొత్తం ఎందుకు క్యూ కడుతోంది? పోస్టు ఎంత పొడుగున్నా చదువుతా.

బేగంబజార్ భాయ్:
నేను 2009ల ఫస్ట్ టైం పోయిన తమ్మీ, అప్పటి సంది పదకొండు సార్లు అయింది. ముందుగాల మార్కెట్ సంగతి చెప్త, ఎందుకంటే ఆ ఊర్ల ఏ ముచ్చట తీసినా తిరిగి ఆడికే వస్తది.

ఐదు డిస్ట్రిక్టులు ఉంటయ్. డిస్ట్రిక్టంటే జిల్లా గాదు, ఒక్కో పెద్ద బిల్డింగుల గుంపు. ఒకట్ల బొమ్మలు, ప్లాస్టిక్ పూలు, గిల్టు నగలు. రెండుల సంచులు, గొడుగులు, తాళాలు, కరెంటు సామాను. మూడుల పెన్నులు, కళ్లద్దాలు, గుండీలు, జిప్పులు, మేకప్పు. నాలుగుల సాక్సులు, టవళ్లు, బెల్టులు, లేసులు. ఐదుల దుప్పట్లు, కారు సామాను, బయట దేశాలకెళ్లి తెచ్చిన సరుకు. మొత్తం 75 వేల దుకాన్లు. మీది క్లిప్పుల యాపారం గద, ఒకటి, మూడు, నాలుగు చూస్కో, చాలు.

లోపల ఎట్లుంటదంటే, మన బేగంబజార్‌ని ఎత్తి ఏసీ బిల్డింగుల పెట్టి, గోల తీసేసినట్టు. ఎవ్వడు పిలవడు. ఒక్కో దుకాణం మన పాన్ డబ్బా కంటే జర పెద్దగుంటది. మూడు గోడలకు శాంపిళ్లు, నడుమ చిన్న బల్ల, బల్ల మీద క్యాలుకులేటరు. ఆడోళ్లే ఎక్కువ కూసుంటరు. బల్ల కింద పిల్లగాడు హోంవర్క్ రాస్కుంటుంటడు. క్యాలుకులేటరు మాట్లాడతది. నొక్కినప్పుడల్లా చైనా భాషల అంకె చదువుతది, తుడిపేస్తే "గ్వేలింగ్" అంటది. ఆమె ఓ అంకె కొట్టి నీ దిక్కు తిప్పుతది, నువ్వు గ్వేలింగ్ చేసి నీ అంకె కొట్టి ఆమె దిక్కు తిప్పాలె. గిట్ల గంట సేపు ఒక్క మాట లేకుండ బేరమాడొచ్చు.

తెలుగు మాస్టారు:
పేరులోనే ఉంది నాయనా. పాత తెలుగులో "ఈవు" అంటే "నువ్వు ఇవ్వవు" అని. బేరానికి వెళ్లేవాడికి ఊరు ముందే చెప్పేస్తోంది.

బేగంబజార్ భాయ్:
మాస్టారూ 😂 సారు మాట నిజమే. క్లిప్పు మీద ఒక్క జియావ్ (యువాన్‌ల పదో వంతు) తగ్గియ్యనీకి పెద్ద కథ నడుస్తది.

పాత పుటలు:
మాస్టారు సరదాకి అన్నారు గానీ, అసలు పేరు వెనక కథ మన తెలుగువాళ్లకు చప్పున ఎక్కేది.

యాన్ వూ అనే పేదవాడు తండ్రి చనిపోతే కూలీలను పెట్టే స్తోమత లేక తన చేతులతోనే సమాధికి మట్టి మోస్తుంటాడు. అది చూసి కాకుల గుంపు వచ్చి ముక్కులతో మట్టి తెచ్చి పోస్తుంది. కాకుల ముక్కులు చిట్లి నెత్తురు కారుతుంది. అందుకని క్రీ.పూ. 222లో ఏర్పడిన ఈ కౌంటీకి (మన తాలూకా లాంటిది) "వూషాంగ్" అని పేరు పెట్టారంటారు, గాయపడిన కాకి అని అర్థం. తాంగ్ రాజుల కాలంలో, 624లో, అది "యీవూ" అయింది, అంటే ధర్మం తెలిసిన కాకి. పిండం ముట్టడానికి కాకి కోసం ఎదురుచూసే మనకు ఈ కథ వేరే దేశానిదిలా అనిపించదు.

ఊరు జెజియాంగ్ రాష్ట్రం నడిమధ్యన ఉంటుంది. పరిపాలనపరంగా జిన్‌హ్వా కింద ఉండే కౌంటీ స్థాయి నగరం మాత్రమే. 1988 దాకా నగరం హోదా కూడా లేదు. 2020 జనాభా లెక్కల్లో 18.59 లక్షలు. అందులో బయటి నుంచి పనికి వచ్చినవాళ్లు చాలా ఎక్కువ.

బెజవాడ ఫ్యాన్సీ:
కాకుల కథ మా అమ్మకు చదివి వినిపించా, ఆవిడ "మరి వెళ్లిరా" అని పర్మిషన్ ఇచ్చేసింది. పాత పుటలు గారూ, రేవు లేదు, రాజధాని కాదు, మరి మార్కెట్ అక్కడే ఎందుకొచ్చింది?

పాత పుటలు:
నేల బాగోలేదు కాబట్టి. వ్యంగ్యం కాదు, నిజంగానే.

అక్కడిది ఎర్రమట్టి, సారం తక్కువ. పొలాలు చిన్నవి, జనం ఎక్కువ. ఎరువు కావాలి. కోడి ఈకల్లో నత్రజని బాగా ఉంటుంది, వరి మొదళ్లలో వేస్తే నేల కోలుకుంటుంది. కానీ ఎవరింట్లో మాత్రం అన్ని ఈకలుంటాయి? వీళ్ల దగ్గర దండిగా ఉండేది చెరుకు బెల్లం ఒక్కటే. అందుకని వ్యవసాయం పనుల్లేని చలికాలంలో, ముఖ్యంగా కొత్త సంవత్సరానికి ఇంటింటా కోళ్లు కోసే రోజుల్లో, మగవాళ్లు కావడి భుజాన వేసుకుని, చేత్తో గిలకడోలు ఆడిస్తూ ఊళ్లూళ్లూ తిరిగేవారు. ఈకలు ఇస్తే బెల్లం మిఠాయి ముక్క కొట్టి ఇచ్చేవారు. నాసిరకం ఈకలు పొలానికి, పొడుగాటి మంచి ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు.

పిల్లలకు మిఠాయి సరే, ఇంట్లో ఆడవాళ్లకు? అందుకని కావట్లోకి సూదులు, దారం, గుండీలు, జడ రిబ్బన్లు చేరాయి. మీ కొట్టులో ఉన్న సరుకు జాబితా ఒకసారి చూసుకోండి. ఆ కావడే.

కొత్తపేట సుజాత:
మా చిన్నప్పుడు రాలిన జుట్టు ఉండలు చుట్టి దూలంలో దోపేవాళ్లం. "జుట్టుకు స్టీలు గిన్నెలూ" అని కేకేస్తూ ఒకామె వచ్చేది. ఉల్లిపాయల బండివాడైతే పాత చెప్పులకు కూడా ఇచ్చేవాడు. మరి మనకు యీవూ ఎందుకు రాలేదు చెప్మా?

లెక్కలాయన:
సుజాత గారి ప్రశ్నకు నా సమాధానం: ప్రభుత్వం. కావడి కథ అందంగా ఉంటుంది గానీ కావడి మోసినంత మాత్రాన నగరం కాదు. 1982లో షియే గావ్‌హ్వా అనే కౌంటీ పార్టీ కార్యదర్శి అనుమతి ఇచ్చాడు. ఆ ఏడాది సెప్టెంబరు 5న హూచింగ్‌మెన్ దగ్గర మార్కెట్ అధికారికంగా తెరిచారు. అప్పటికి దేశంలో చాలాచోట్ల రైతు బస్తీకొచ్చి వ్యాపారం చేస్తే "స్పెక్యులేషన్" కింద సరుకు లాక్కునేవారు. ఈయన నాలుగు అనుమతులు రాసిచ్చాడు: రైతులు పట్నంలో అమ్ముకోవచ్చు, దూరప్రాంతాలకు సరుకు తోలొచ్చు, మార్కెట్ పెట్టొచ్చు, పోటీ పడొచ్చు. 1984లో కొత్త మార్కెట్, 1986లో ఇంకోటి, 1992లో హ్వాంగ్‌యువాన్, 2002లో ఇప్పుడున్న ఇంటర్నేషనల్ ట్రేడ్ సిటీ. ప్రతిసారీ పాతది ఇరుకవగానే అధికారులే పెద్దది కట్టి అందరినీ అందులోకి మార్చారు. 2025 అక్టోబరులో ఆరో తరం కూడా తెరిచారు. ఇది ప్రణాళిక.

బేగంబజార్ భాయ్:
లెక్కలాయన సారూ, సగం కథ చెప్పి ఆపేసిన్రు. ఆ సారు అనుమతి ఊకెనే ఇయ్యలే. ఫెంగ్ ఐచియాన్ అని ఒకామె, గుండీలు, బూట్ల లేసులు అమ్ముకునేది. సర్కారోళ్లు రోజు తరుముతుంటే ఇసిగి ఇసిగి, నడి రోడ్ల ఆ సారునే పట్టుకున్నది. "నా పిల్లలేం తినాలె, మమ్ములనెందుకు తరుముతున్నరు" అని నిలదీసింది. ఆయన ఆఫీసుల కూసోబెట్టి ఇన్నడు. యీవూల ఈ కథ తెల్వనోడు లేడు. ఫస్ట్ మార్కెట్ ఏడ పెట్టిన్రో ఎరికేనా? మురికి కాలువ మీద సిమెంటు పలకలు పరిచి, దాని మీద ఏడు వందల దుకాన్లు. ముందు ఆమె కొట్లాడింది, ఎనక సర్కారు దస్కత్ చేసింది.

లెక్కలాయన:
ఒప్పుకుంటున్నా భాయ్. కానీ ఆమెలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, కూర్చోబెట్టి వినే అధికారి ప్రతి ఊళ్లో దొరకడు. షియే అక్కడ పనిచేసింది రెండేళ్లకు కాస్త ఎక్కువ, అంతే. 2018లో బీజింగ్‌లో సంస్కరణల మార్గదర్శకుల్లో ఒకరిగా గౌరవించారు. మరుసటి ఏడాది పోయాడు.

ఇంకో మాట. యీవూ అసలు బలం ఫ్యాక్టరీలు కాదు. ఊరి చుట్టూ సాక్సులు, జిప్పులు, స్ట్రాలు చేసే కర్మాగారాలు ఉన్నమాట నిజమే. కానీ మార్కెట్లో కనిపించే సరుకులో చాలా భాగం జెజియాంగ్‌లోని వేరే ఊళ్ల నుంచి, గ్వాంగ్‌డాంగ్ నుంచి వస్తుంది. యీవూ అమ్మేది "కలిపి కొనుక్కునే వీలు". ఒక ఫ్యాక్టరీకి వెళ్లి ఐదు వందల గొడుగులు ఇమ్మంటే నవ్వుతాడు. ఇక్కడ ఐదు పెట్టెల గొడుగులు, మూడు పెట్టెల క్లిప్పులు, పది పెట్టెల బొమ్మలు, ఇలా అరవై కొట్లలో కొని ఒకే కంటైనరులో వేయించుకోవచ్చు. ఇన్ని రకాల చిల్లర సరుకుకు విడివిడిగా బిల్లులు, పన్ను పత్రాలు అంటే ఎవడూ ఎగుమతి చేయలేడు. అందుకని "మార్కెట్ కొనుగోలు వ్యాపారం" అని ప్రత్యేక కస్టమ్స్ పద్ధతి తెచ్చారు, కోడ్ 1039. ఒక్కో డిక్లరేషను లక్షన్నర డాలర్ల లోపు ఉంటే సులువుగా పంపేయొచ్చు, వ్యాట్ కట్టక్కర్లేదు, వాపసూ రాదు. మొదట దీన్ని ప్రయోగించింది యీవూలోనే. నా దృష్టిలో గిలకడోలు కంటే ఈ కోడే గొప్ప ఆవిష్కరణ. తిట్టుకోండి.

విశాఖ షిప్పింగ్:
తిట్టను సార్, నాకు ఆ కోడ్‌తోనే భోజనం.

బెజవాడ తమ్ముడికి పని జరిగే తీరు చెప్తాను. నువ్వు కొట్టులో ఆర్డరు రాయిస్తావు. ముప్పై శాతం అడ్వాన్సు. సరుకు నీ ఏజెంటు గోడౌనుకి పదిహేను ఇరవై రోజుల్లో వస్తుంది. ఏజెంటు పెట్టెలు లెక్కపెట్టి, ఒకటీ అరా విప్పి చూసి, కంటైనరు నింపిస్తాడు. కమీషను మూడు నుంచి ఐదు శాతం. నలభై అడుగుల హైక్యూబ్‌లో (ఎత్తు ఎక్కువుండే కంటైనరు) నికరంగా 68 సీబీఎం, అంటే ఘనపు మీటర్లు, దాకా పడుతుంది. అక్కడ అందరూ డబ్బు కంటే సీబీఎంలోనే ఆలోచిస్తారు. చీప్‌గా ఉందని ప్లాస్టిక్ పూలు కొన్నావనుకో, గాలి కొన్నట్టే, కంటైనరు నిండిపోతుంది. క్లిప్పులు, చైన్లు బరువుకి, పూలు పైన. లారీలో నింగ్‌బో రేవుకి, అక్కణ్ణించి ఓడ.

రైలు కూడా ఉంది, మనకు కాదు, యూరప్‌కి. 2014 నవంబరు 18న యీవూ నుంచి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కి గూడ్సు బయల్దేరింది. 13 వేల కిలోమీటర్లు, మూడు వారాలు. కజక్‌స్తాన్ సరిహద్దులో పట్టాల వెడల్పు మారుతుంది, పోలండ్ సరిహద్దులో మళ్లీ మారుతుంది, స్పెయిన్‌లోకి అడుగుపెట్టేటప్పుడు ఇంకోసారి. ప్రతిచోటా క్రేనుతో కంటైనర్లు ఎత్తి వేరే బండి మీద పెట్టాలి. 2017 జనవరి 1న లండన్‌కీ పంపారు.

బెజవాడ ఫ్యాన్సీ:
షిప్పింగ్ అన్నా, అప్పు మీద సరుకిస్తారని విన్నాను. నిజమేనా?

విశాఖ షిప్పింగ్:
కొత్తవాడికి ఇవ్వరు, ఇచ్చినా తీసుకోకు. ఆ అప్పు మీదే పెద్ద గొడవ జరిగింది. కొట్లవాళ్లు ట్రేడింగ్ కంపెనీలకు నెల, రెండు నెలల అరువు ఇచ్చేవాళ్లు. 2011 చివర్లో ఒక కంపెనీ యజమాని బాకీలు పెట్టి పారిపోతే, అందులో పనిచేసే ఇద్దరు భారతీయులను అప్పులవాళ్లు పట్టుకుని బంధించారు. కోర్టు దగ్గర మన దౌత్యాధికారి ఒకరు సొమ్మసిల్లి పడిపోయారు. 2012 జనవరిలో మన రాయబార కార్యాలయం "యీవూతో వ్యాపారం పెట్టుకోవద్దు" అని ఏకంగా హెచ్చరిక జారీ చేసింది. తర్వాత సర్దుకుంది. ఒక్కటి గుర్తుంచుకో, నువ్వు పనిచేసే ఏజెంటు ఎవరికైనా బాకీ ఉంటే ఆ వేడి నీకూ తగులుతుంది.

బేగంబజార్ భాయ్:
నా ముచ్చట గూడ ఇను, నీకు పనికొస్తది. ఓ ఏడు డిసెంబర్ల పోయి హోలీ పిచికారీలు ఆర్డర్ పెట్టిన. దుకాణమామె "ఓకే ఓకే" అన్నది. వాళ్ల కొత్త సంవత్సరానికి మార్కెట్ రెండు వారాలు బంద్ అయితదని ఎరికే, లెక్క ఏసుకున్న. కానీ ఫ్యాక్టరీ పనోళ్లు పండుగకు పదిహేను రోజుల ముందే ఊర్లకు పోతరని, మల్ల పండుగైనంక మెల్లగ వస్తరని తెల్వలే. పిచికారీలు హోలీ అయినంక పన్నెండు దినాలకు దిగినయ్. ఏడాది మొత్తం గోడౌన్ల నన్ను చూసి నవ్వినయ్.

బొమ్మలు మాత్రం ముట్టుకోకు. 2020ల దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి లేపిన్రు, 2023ల 70 అయింది. 2021 జనవరి సంది బీఐఎస్ (మన సర్కారు నాణ్యత) ముద్ర లేనిదే బొమ్మ లోపలికి రాదు. మా గల్లీల బొమ్మల దుకాన్లు సగం ఇప్పుడు ఇక్కడి మాలే అమ్ముతున్నయ్.

వెన్‌జౌ డాక్టరమ్మ:
నేను వెన్‌జౌలో ఎంబీబీఎస్ చదివాను. యీవూ రైల్లో రెండు గంటల లోపే. సెలవుల్లో వెళ్లేవాళ్లం, వ్యాపారానికి కాదు, పప్పన్నానికి! ఇండియన్ హోటళ్లు ఉంటాయి, అరబ్ హోటళ్లు ఇంకా ఎక్కువ. ఊళ్లో ఉండిపోయిన విదేశీ వ్యాపారులే పదిహేను వేల దాకా ఉంటారని అప్పట్లో అనేవారు. సాయంత్రం ఒక వీధిలో కూర్చుంటే యెమెన్ వాళ్ల టీ, టర్కీ వాళ్ల కబాబు, పక్కన ఆఫ్రికా అక్కలు జుట్టుకు జడలు వేయించుకుంటూ... వెన్‌జౌలో నన్ను చూసి ఫోటోలు తీసుకునేవాళ్లు, యీవూలో ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఆ స్వేచ్ఛ నాకు భలే నచ్చేది.

మొదటిసారి డిస్ట్రిక్ట్ ఒకటికి వెళ్లినప్పుడు పూల అంతస్తులో ఒక కొట్టు దగ్గర ఆగిపోయా. ప్లాస్టిక్ బంతిపూల దండలు, పక్కనే మామిడాకుల తోరణం. ఒక్కో ఆకుకి ఈనెలు కూడా వేశారు, కొసన కాస్త ముదురాకుపచ్చ. ఇది ఏంటో తెలుసా అని అడిగా. ఆమె ఫోనులో అనువాదం చేసి చూపించింది: "భారతదేశం ఆకు, తలుపు మీద". ఎందుకు కడతారని తిరిగి నన్నే అడిగింది. నా చైనీస్‌కి అందింది ఒక్కటే మాట, "మంచి జరగాలని". ఆమె తల ఊపి రెండు మూరలు కత్తిరించి ఊరికే ఇచ్చింది. హాస్టల్ గది గుమ్మానికి ఉగాదికి అదే కట్టా.

తిండి విషయానికి: దొంగ్‌హ అని ఒక ఊరి పేరుతో మాంసం రొట్టె దొరుకుతుంది. కాగితంలా సాగదీసిన పిండి, లోపల ఉల్లికాడలు, పంది కొవ్వు. మీరు తినకపోతే కోడిగుడ్డు ఒక్కటే వేయమని అడగండి, కొందరు వేస్తారు.

పాత పుటలు:
పంది అనగానే గుర్తొచ్చింది. జిన్‌హ్వా హామ్ అని ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ ఉంటుంది, చైనా మొత్తం ప్రసిద్ధి. దాని పుట్టుక కథలో ఉన్న సేనాని జొంగ్ జ యీవూవాడే. ఆయన 1128లో చనిపోతూ ఇంటివాళ్ల గురించి ఒక్క మాటా అనకుండా "నది దాటండి" అని మూడుసార్లు అరిచాడని చెప్తారు. ఉత్తరాది శత్రువు చేతిలో ఉంది మరి.

ఈ ఊరివాళ్లు కొట్లాటకు కూడా పేరుపడ్డారు. మింగ్ కాలంలో గని కోసం పొరుగు ఊరివాళ్లతో వీళ్లు పోట్లాడిన తీరు చూసి, సేనాని చీ జీగ్వాంగ్ 1559లో ఇక్కడి నుంచే వేలమందిని సైన్యంలో చేర్చుకున్నాడు. తీరం మీద పడే సముద్రపు దొంగలను తరిమింది ఆ దళమే.

కవి కూడా ఉన్నాడు. ల్వో బిన్‌వాంగ్, ఏడో శతాబ్దం. ఏడేళ్లప్పుడు బాతు మీద చెప్పాడనే చిన్న పద్యం చైనాలో ప్రతి పిల్లవాడికీ మొదటి పద్యం. తెల్ల ఈకలు పచ్చ నీటి మీద తేలతాయి అందులో. 684లో మహారాణి వూను తిట్టి తిరుగుబాటు ప్రకటన రాస్తే, ఆమె చదివి "ఇంత ప్రతిభను వదులుకోవడం మంత్రుల తప్పు" అందట. ఆయన పేరు ఊళ్లో దేనికి పెట్టారో తెలుసా? బట్టల మార్కెట్‌కి. బిన్‌వాంగ్ మార్కెట్. ఈకల కవికి ఈకల ఊళ్లో అంతకంటే ఏం కావాలి.

తెలుగు మాస్టారు:
పోతన పేరుతో చెప్పుల కొట్టు పెడితే ఊరుకుంటామా మనం.

కొత్తపేట సుజాత:
మాస్టారూ, మా వీధిలో వేమన వైన్స్ ఉంది 🙂

అనకాపల్లి బెల్లం:
ఇందాకట్నుంచి సదువుతున్నాను, ఒక్కరూ అసలు ఇసయం సెప్పట్లేదు. ఆ బెల్లం ఎలా ఉంటాది? ఇప్పటికీ తీస్తన్నారా, లేక అదీ ప్లాస్టిక్కేనా?

వెన్‌జౌ డాక్టరమ్మ:
తీస్తున్నారు! యీతింగ్ అనే చోట, శీతాకాలం మొదట్లో. మేం ఒకసారి వెళ్లాం. చెరుకు గానుగాడిన రసాన్ని వరసగా పేర్చిన పెనాల్లో కాస్తారు. కింద ఒకే పొయ్యి పొడుగ్గా. మొదటి పెనంలో మడ్డి తీసేస్తారు, పొడుగు గరిటెతో తర్వాతి పెనంలోకి, అక్కణ్ణించి ఇంకోదాంట్లోకి. చివరి పెనం దగ్గర నిలబడే పెద్దాయన మాత్రం ఎవరితోనూ మాట్లాడడు, పాకం బుడగలనే చూస్తుంటాడు. ఒక్కసారిగా చెక్క తొట్టెలోకి వంచేస్తారు. గట్టిపడేలోపు చెక్క పారలతో రుద్ది రుద్ది పొడి చేస్తారు. రంగు మన బెల్లంలా ముదురు కాదు, లేత పసుపు, ఇసకలా. జంతికల్లాంటి మురుకులు వేయించి ఆ పాకంలో ముంచి అక్కడికక్కడే అమ్ముతారు. నవంబరులో వెళ్తున్నారు కదా బెజవాడ అన్నయ్యా, ఒక పూట మార్కెట్ మానేసి వెళ్లండి.

ఇంకో కథ కూడా అక్కడే విన్నా. చెన్ వాంగ్‌దావ్ అనే ఆయన 1920లో కమ్యూనిస్టు మేనిఫెస్టోను చైనా భాషలోకి అనువదించింది యీవూ దగ్గరి సొంత ఊరు ఫెన్‌ష్వెయ్‌తాంగ్‌లోనే, కట్టెల కొట్టంలో కూర్చుని. వాళ్లమ్మ ఆకులో ఉడికించిన అన్నం ముద్దలు, నంజుకోవడానికి బెల్లం పెట్టి వెళ్లిందట. బయటి నుంచి "బెల్లం చాలా, ఇంకాస్త వేయనా" అంటే "చాలు చాలు, బాగా తియ్యగా ఉంది" అన్నాడట. లోపలికి వచ్చి చూస్తే కొడుకు మూతంతా నల్లగా ఉంది. సిరా గిన్నెలో ముంచుకుని తిన్నాడు.

లెక్కలాయన:
కమ్యూనిస్టు మేనిఫెస్టో చైనాలో మొదట పూర్తిగా అనువాదమైన ఊళ్లోనే ప్రపంచంలోకెల్లా పెద్ద చిల్లర సామాన్ల బజారు. దీని మీద నేనేం అనను, భాయ్‌కి కోపం వస్తుంది.

బేగంబజార్ భాయ్:
నాకెందుకు కోపం సారు. ఆమెకు బెల్లం, ఈయనకు సిరా, నాకు పిచికారీలు.

అనకాపల్లి బెల్లం:
డాట్రమ్మా, పొడి సేస్తన్నారంటే పాకం మనకంటే ఇంకాస్త ముదిరాక దించుతన్నారన్నమాట. మా నాన్నకి సెప్తే నమ్మట్లేదు. మనం పెనం దించి అచ్చుల్లో పోస్తాం, దిమ్మ కడతాది. ఆళ్లు మడ్డి తియ్యడానికి ఏటి ఏస్తారు? మేం బెండ జిగురు ఏసేవోళ్లం. ఈడియో ఏదైనా ఉంటే పెట్టు తల్లీ.

వెన్‌జౌ డాక్టరమ్మ:
మడ్డికి ఏం వేశారో గమనించలేదండీ, ఆ ఆవిరిలో అద్దాలు మసకేసి సగం కనిపించలేదు. వీడియో పాత ఫోనులో ఉంది, వెతికి పెడతా.

బెజవాడ ఫ్యాన్సీ:
టిక్కెట్లు బుక్ చేశా. హాంగ్‌జౌలో దిగి అక్కణ్ణించి రైలు. మొదటి మూడు రోజులు మార్కెట్, నాలుగో రోజు యీతింగ్. అనకాపల్లి గారూ, చివరి పెనం దగ్గర పెద్దాయన్ని బెండ జిగురు గురించి అడిగి వస్తా, ఫోనులో అనువాదం పెట్టుకుని. బెండకాయను చైనా భాషలో ఏమంటారో డాక్టరమ్మ చెప్తే చాలు.

వెన్‌జౌ డాక్టరమ్మ:
చ్యూక్వెయ్. కానీ అక్కడ కూరగాయల బండి మీద చూపించి అడగండి, నా ఉచ్చారణ ఆరేళ్లూ ఎవరికీ అర్థం కాలేదు.